వెన్నులో ఇంజెక్షన్: కాలి నొప్పి సంగతి వేరు, నడుం నొప్పి సంగతి వేరు

ప్రశ్న: నా వయసు 47. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నాలుగేళ్లుగా నడుం నొప్పి వస్తూ పోతూ ఉంది. పది వారాల కిందట బకెట్ ఎత్తబోతే నడుం పట్టేసింది. రెండ్రోజులకి ఎడమ పిరుదు దగ్గర్నుంచి తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాక్ కొట్టినట్టు లాగడం మొదలైంది. చిటికెన వేలి వైపు తిమ్మిరి. నడుం చివర ఎల్-5, ఎస్-1 అనే పూసల మధ్య డిస్క్ బయటికి వచ్చి ఎస్-1 నరాన్ని నొక్కుతోందని ఎమ్మారై రిపోర్టులో ఉంది. మాత్రలు వాడాను, ఫిజియోథెరపీ చేయించుకున్నాను. ఇప్పుడు డాక్టర్ గారు వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామంటున్నారు. మొత్తం మూడు పడొచ్చట. వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయని మా ఆడపడుచు భయపెడుతోంది. ఆఫీసులో ఒకాయనేమో, ఇంజెక్షన్ చేయించుకున్న రోజు సాయంత్రమే హాయిగా నడిచానంటాడు. నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇరవై ఏళ్ల కిందట సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చిన మత్తు సూది వల్లే ఇదంతా అనేవాళ్లూ ఉన్నారు. చేయించుకోమంటారా, వద్దంటారా?
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు ఒకే ఉత్తరంలో రెండు నొప్పుల గురించి రాశారు. నాలుగేళ్లుగా వచ్చిపోతున్న నడుం నొప్పి ఒకటి, పది వారాల నాటి కాలి నొప్పి ఒకటి. డాక్టర్ గారు చెప్పిన ఇంజెక్షన్ రెండో దానికే. దాంతో నడుం నొప్పి కూడా పోతుందని ఆశపడి ఒప్పుకుంటే తర్వాత నిరాశ తప్పదు. ఇక కాలి సంగతంటారా, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వకుండా, వారాలు గడుస్తున్నా తగ్గుముఖం పట్టకుండా ఉంటే చేయించుకోవచ్చు. కాస్తో కూస్తో తగ్గుతూ వస్తుంటే మాత్రం ఇంకొన్నాళ్లు ఆగమంటాను. మొదటి వారంతో పోలిస్తే ఇప్పుడెలా ఉందో మీరు రాయలేదు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అదే.

కిందిది చదివే ముందు ఒక పని చేయండి. గోడకి చెయ్యి ఆనించి, కుడి కాలి మునివేళ్ల మీద పదిసార్లు లేవండి. తర్వాత ఎడమ కాలితో అలాగే చేయండి. ఎడమ మడమ పైకి లేవకపోయినా, మూడు నాలుగు సార్లకే వశం తప్పుతున్నా ఎస్-1 నరం మీద ఆధారపడే పిక్క కండరం బలహీనపడిందని అర్థం. మడమల మీద నాలుగడుగులు నడిచి కూడా చూడండి. పాదం ముందు భాగం పైకి లేవకపోతే అది ఎల్-5 నరం సంగతి. బలహీనత కనిపించి, అది పెరుగుతూ ఉంటే ఇంజెక్షన్ చర్చ పక్కన పెట్టి వెంటనే వెన్నెముక సర్జన్‌ని కలవండి.

ఇంకా పెద్ద ప్రమాద సూచనలు కొన్ని ఉన్నాయి. మూత్రం రాకుండా బిగదీసుకుపోవడం, లేదా తెలియకుండానే పడిపోవడం, మలవిసర్జన మీద అదుపు తప్పడం, జననాంగాల చుట్టూ, కూర్చుంటే కుర్చీకి తగిలే భాగంలో మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి. వెన్ను చివరి నరాల గుత్తి మొత్తం నొక్కుకుపోతే ఇలా అవుతుంది. ఆలస్యమైతే తర్వాత ఆపరేషన్ చేసినా మూత్రం మీద అదుపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నడుం నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు ఆ దిశగా పరీక్షలు జరగాలి. షుగర్ ఉన్నవాళ్లకి వెన్నులో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువ కాబట్టి జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇవేవీ లేవనే అనుకుని మిగతాది చెబుతాను.

డిస్క్‌కి బయట గట్టి పొరలు, లోపల మెత్తని గుజ్జు ఉంటాయి. పొర చిరిగినప్పుడు గుజ్జు బయటికి వచ్చి పక్కనున్న నరానికి తగులుతుంది. పిరుదు నుంచి కాలి కిందికి లాగే మీలాంటి నొప్పిని సయాటికా అంటారు. దానికి ఇదీ కారణమని అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు డాక్టర్లు 1934లో చూపించారు. అప్పట్నుంచి చాలాకాలం దీన్ని ఒట్టి ఒత్తిడి వ్యవహారంగానే చూశారు. ఒత్తిడి సగమే. ఆ గుజ్జులో ఉండే పదార్థాలు తగిలిన చోట నరం వాచి, మంటపుట్టి, చీటికీ మాటికీ నొప్పి సంకేతాలు పంపుతుంది. స్టెరాయిడ్ పని చేసేది ఈ వాపు మీద. వేలు వాచి ఉంగరం బిగుసుకున్నప్పుడు వాపు తగ్గితే ఉంగరం వదులవుతుంది, అంతే గానీ ఉంగరం పెద్దదవదు కదా. ఇక్కడా అంతే. ఇంజెక్షన్ తర్వాత మళ్లీ ఎమ్మారై తీస్తే డిస్క్ ముక్క ఉన్నచోటే ఉండొచ్చు. అది కరగాల్సింది శరీరం చేతుల్లోనే.

కరుగుతుంది కూడా. బయటికి వచ్చిన గుజ్జుని శరీరం పరాయి పదార్థంలా చూసి మెల్లగా పీల్చేసుకుంటుంది. విచిత్రమేమిటంటే, రిపోర్టులో చూస్తే గుండె జారిపోయే పెద్ద ముక్కలు, పూర్తిగా తెగి విడిపోయినవి, చిన్న ఉబ్బుల కన్నా బాగా కరుగుతాయి. సయాటికా వచ్చినవాళ్లలో ఎక్కువ మందికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో నొప్పి దానంతటదే తగ్గడానికి ఇదొక కారణం. మీలాగే ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్నవాళ్ల మీద నెదర్లాండ్స్‌లో ఒక పరిశోధన చేశారు. ఫలితాలు 2007లో వచ్చాయి. సగం మందికి వెంటనే ఆపరేషన్, మిగతా సగానికి మందులతో ఆగి చూడటం. ఆపరేషన్ చేసినవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. అయితే ఆగి చూద్దామన్నవాళ్లలో 39 శాతం మంది ఆ ఏడాదిలోపే ఆపరేషన్‌కి వెళ్లారు. అంటే ఆగడం అందరివల్లా అయ్యే పని కాదు. నొప్పి తగ్గేదాకా ఆగగలిగే ఓపిక ఇస్తుందనే ఈ ఇంజెక్షన్‌ని వాడతారు.

మరి నిజంగా ఇస్తుందా? కొంతవరకు. సయాటికాలో ఈ ఇంజెక్షన్ మీద జరిగిన 25 పరిశోధనలని కాక్రేన్ సంస్థ 2020లో కలిపి చూసింది. నొప్పిని వంద పాయింట్ల మీద కొలిస్తే, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కన్నా స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకి కాలి నొప్పి సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది, అదీ మొదటి మూడు నెలల్లోపే. సగటు అంటే అందరికీ అంతే తగ్గిందని కాదనుకోండి. కానీ ఇంతింత ఆశలు పెట్టుకునే మందుకి ఐదు పాయింట్లు చాలా చిన్న అంకె, ఆ సంగతి మీకు ముందే తెలియాలి. 2025లో అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 90 పరిశోధనలు చూసి ఇంచుమించు ఇదే చెప్పింది: నరం నొక్కుకోవడం వల్ల వచ్చే నొప్పిలో, ఇంజెక్షన్ లేనివాళ్లతో పోలిస్తే 24 శాతం ఎక్కువ మందికి మూడు నెలల వరకు ఉపశమనం దొరికింది. ఆ తర్వాత కూడా నిలుస్తుందనడానికి గట్టి ఆధారం లేదు.

అదే ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకా కటువుగా ఉన్నాయి. మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి, అది కాలిలోకి పాకినా పాకకపోయినా, ఇలాంటి ఇంజెక్షన్లు వద్దనే గట్టిగా చెప్పాయి. నొప్పి వైద్య నిపుణుల సంఘాలు దాన్ని అంతే గట్టిగా తప్పుపట్టాయి. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో మధ్యేమార్గం తీసుకుంది: ఒట్టి నడుం నొప్పికి వెన్ను ఇంజెక్షన్లు ఇవ్వొద్దు, కొత్తగా మొదలై తీవ్రంగా ఉన్న సయాటికాకి మాత్రం ఎపిడ్యూరల్ (మీకు చెప్పిన ఇంజెక్షన్ ఇలాంటిదే) గురించి ఆలోచించవచ్చు. నాకు ఇదే సబబుగా తోస్తుంది. మీరు పదో వారంలో ఉన్నారు. చేయించుకునేట్టయితే ఇప్పుడే నయం. ఏడాది నానబెట్టాక చేయించుకుంటే ఫలితం మీద అంత ఆశ పెట్టుకోలేం.

నాలుగేళ్ల నడుం నొప్పి గురించి రెండు మాటలే చెబుతాను. ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా, ఇరవై ఏళ్లవాళ్లలోనే దాదాపు 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి. కాబట్టి ఎమ్మారైలో కనబడిన ప్రతిదీ మీ నడుం నొప్పికి కారణమని అనుకోనక్కర్లేదు. దానికి పనికొచ్చేవి కదలిక, నడక, నడుం కండరాలకి బలమిచ్చే వ్యాయామాలు, గంటలకొద్దీ ఒకే భంగిమలో కూర్చోకపోవడం. ఈ మాట విని విని విసిగిపోయి ఉంటారని తెలుసు. అయినా దీన్ని మించింది ఇంకా రాలేదు.

ఇక ఆ గదిలో ఏం జరుగుతుందో చెబితే సగం టెన్షన్ తగ్గుతుంది. పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెడతారు. నడుం మీద చల్లగా మందు రాసి శుభ్రం చేస్తారు. చర్మానికి మత్తిచ్చే చిన్న సూది మొదట చురుక్కుమంటుంది. తర్వాత ఎక్స్‌రే మిషన్‌లో చూసుకుంటూ సన్నటి పొడుగాటి సూదిని నరం బయటికి వచ్చే కంత దగ్గరికి పంపుతారు. చోటు సరైనదో కాదో తేల్చుకోవడానికి కొద్దిగా రంగు మందు వదులుతారు. అది నరం వెంట సన్నగా పాకితే సూది సరైన చోట ఉన్నట్టు, రక్తనాళంలోకి కొట్టుకుపోతే వెంటనే సూది మార్చాలి. ఆ తర్వాతే స్టెరాయిడ్, మత్తుమందు కలిపి మెల్లగా ఎక్కిస్తారు. అప్పుడు మీకు బాగా తెలిసిన ఆ కాలి నొప్పే ఒక్కసారి పిక్క దాకా లాగవచ్చు. హడలిపోకండి, మందు ఆ నరం దగ్గరికే చేరిందని దానర్థం. కాకపోతే లాగుడు మరీ తీవ్రంగా ఉంటే కదలకుండా పడుకునే నోటితో చెప్పాలి. మొత్తం పని అరగంటలోపే అయిపోతుంది. కాసేపు ఉంచుకుని ఇంటికి పంపేస్తారు. ఆ రోజు వాహనం మీరు నడపకూడదు, కాలు కొన్ని గంటలు మొద్దుగా ఉండొచ్చు.

మీ ఆఫీసాయన ఆ సాయంత్రమే నడిచింది ఈ మత్తుమందు పుణ్యమే. అది కొన్ని గంటల్లో దిగిపోతుంది, ఒకటి రెండు రోజులు నొప్పి ముందుకన్నా ఎక్కువగా కూడా అనిపించవచ్చు. స్టెరాయిడ్ పని మొదలయ్యేసరికి రెండు రోజుల నుంచి వారం పడుతుంది, కొందరికి రెండు వారాలు. కాబట్టి మూడో రోజున పని చేయలేదని ఏడవకండి, మొదటి సాయంత్రం తగ్గిపోయిందని బకెట్లు ఎత్తకండి.

కాళ్లు పడిపోతాయన్న భయం సంగతి. మీ ఆడపడుచు గాలిలోంచి పుట్టించిన మాట కాదది. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ల తర్వాత చాలా అరుదుగా చూపు పోవడం, పక్షవాతం, మరణం కూడా జరిగాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. 2012లో అక్కడే కలుషితమైన స్టెరాయిడ్ సీసాల వల్ల వందల మందికి ఫంగస్ సోకి మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటివి వచ్చి అరవై మందికి పైగా చనిపోయారు. ఇవి జరిగాయి. కానీ మీ విషయంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుం పైభాగంలోనే, ఎల్-1, ఎల్-2 దగ్గర ముగిసిపోతుంది. ఎల్-5, ఎస్-1 దగ్గర సూదికి తగలడానికి వెన్నుపామే లేదు, విడివిడి నరాలే ఉంటాయి. మెడలో చేసే ఇంజెక్షన్లలో ఉన్నంత ప్రమాదం ఇక్కడ లేదు. రెండోది, నరం పక్కనుండే చిన్న రక్తనాళంలోకి పలుకులుగా ఉండే స్టెరాయిడ్ పోతే అది అడ్డుపడి రక్తం ఆగిపోతుంది. అందుకే నరం కంత దగ్గర చేసే ఇంజెక్షన్‌కి డెక్సామెథసోన్ లాంటి, పలుకుల్లేని స్టెరాయిడ్‌ని ముందుగా వాడమంటారు. ఏ స్టెరాయిడ్ వాడుతున్నారు, ఎక్స్‌రేలో చూస్తూ చేస్తారా, రంగు మందు వాడతారా అని మీ డాక్టర్ గారిని అడగండి. ఇది అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఎక్స్‌రే సాయం లేకుండా చేత్తో తడిమి చేస్తామంటే నేనైతే వద్దంటాను.

ఇవి కాక చిన్నవి ఉన్నాయి. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే సూది నరాల చుట్టూ ఉన్న పొరకి తగిలి నీరు కారుతోందన్నమాట. చాలావరకు దానంతటదే తగ్గుతుంది, తగ్గకపోతే వైద్యం ఉంది. ఒకటి రెండు రోజులు ముఖం ఎర్రబడి వేడెక్కవచ్చు, నిద్ర పట్టకపోవచ్చు. నెలసరి ఒకటి రెండుసార్లు ముందూ వెనకా కావచ్చు. జ్వరం వచ్చినా, వెన్ను నొప్పి విపరీతంగా పెరుగుతున్నా, కాలు కొత్తగా బలహీనపడినా మర్నాటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

షుగర్ సంగతి మాత్రం మీరు మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. వెన్నులో వేసిన స్టెరాయిడ్ అక్కడే ఉండిపోదు, రక్తంలోకీ వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు షుగర్ బాగా ఎగబాకుతుంది, తర్వాత వారం రోజుల్లో మామూలుకి వస్తుంది. ముందే షుగర్ డాక్టర్ గారికి చెప్పి, ఆ వారం రోజూ పొద్దునా సాయంత్రం ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. ఏ అంకె దాటితే ఫోన్ చేయాలో, మాత్ర ఎంత పెంచాలో ముందే రాయించుకోండి. మూడు నెలల సగటు షుగర్ ఇప్పటికే అదుపు తప్పి ఉంటే ముందు దాన్ని దారిలో పెట్టుకుని తర్వాత ఇంజెక్షన్‌కి వెళ్లడం మంచిది. రక్తం పలచబడే మందులు వాడుతున్నట్టు మీరు రాయలేదు. వాడుతుంటే ఆ విషయం తప్పకుండా చెప్పాలి, మీ అంతట మీరు మాత్రం ఆపేయకూడదు. గుండె డాక్టర్ గారూ ఈ డాక్టర్ గారూ మాట్లాడుకుని తేల్చాల్సిన సంగతది.

మూడు ఇంజెక్షన్ల మాట నాకు నచ్చలేదు. మొదటిది ఎలా పని చేసిందో చూడకుండా మూడూ ఒక కోర్సులాగా ముందే రాసుకోవడానికి ఆధారాలేమీ లేవు. ఒకటి చేయించుకోండి. రెండు మూడు వారాలు చూడండి. బాగా తగ్గి, కొన్నాళ్లకి మళ్లీ తిరగబెడితే రెండోదాని గురించి ఆలోచించవచ్చు. మొదటిదే ఏమాత్రం పని చేయకపోతే అదే ఇంజెక్షన్‌ని అదే చోట మళ్లీ వేసి ఏం లాభం? స్టెరాయిడ్ ఎముకలనీ, షుగర్‌నీ దెబ్బతీస్తుంది కాబట్టి ఏడాదికి మూడు నాలుగుకి మించి సాధారణంగా చేయరు. అది పైహద్దు. అన్నీ వాడేసుకోమని చెప్పే లెక్క కాదు.

నొప్పి తగ్గిన ఆ కొన్ని వారాలనే ఫిజియోథెరపీకి వాడుకోవాలి. ఇంతకుముందు చేసినప్పుడు కాలు లాగుతుంటే వ్యాయామాలు సగంలోనే వదిలేసి ఉంటారు, చాలామంది చేసే పనే అది. ఇప్పుడు చేయగలుగుతారు. తగ్గింది కదా అని మంచానికి అతుక్కుపోతే ఇంజెక్షన్ వృథా.

అది కూడా పని చేయకపోతే ఆపరేషన్. ఆ మాటకి బెదిరిపోనక్కర్లేదు. 2021లో బ్రిటన్‌లో ఇంజెక్షన్‌నీ డిస్క్ ఆపరేషన్‌నీ 163 మంది మీద పోల్చి చూస్తే 18 వారాల నాటికి రెంటి మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే ముందు ఇంజెక్షన్ చేసి చూద్దామనే డాక్టర్లు ఎక్కువ. కానీ నాలుగు నెలలు దాటి, ఏడాదిలోపు ఉన్న మొండి సయాటికాలో ఆపరేషన్ చేసినవాళ్లే ఆరు నెలలకి మెరుగ్గా ఉన్నారని 2020లో కెనడా నుంచి వచ్చిన పరిశోధన చెప్పింది. కాబట్టి ఇంజెక్షన్ తర్వాత ఇంజెక్షన్ అంటూ ఏళ్లు సాగదీయకండి. మీరు వాడిన మాత్రల పేర్లు రాయలేదు. వాటిలో నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబలిన్ ఉంటే, సయాటికాలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పని చేయలేదని 2017లోనే తేలింది. దాంతో మీకు మత్తు తప్ప ఫలితం లేకపోతే డాక్టర్ గారిని అడిగి మెల్లగా తగ్గించుకోండి. ఒక్కసారిగా మానేయకూడదు.

చివరికి సిజేరియన్ మాట. అప్పటి మత్తు సూదికీ ఇప్పటి డిస్క్‌కీ సంబంధం లేదు. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి ఉండటం మామూలే. ప్రసవ సమయంలో వెన్నులో మత్తు తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ చాలాకాలం గమనించి చూశారు. దీర్ఘకాలపు నడుం నొప్పి రెండు గుంపుల్లోనూ ఒకేలా ఉంది. అయితే ఆనాటి కాగితాలు ఇంట్లో ఎక్కడైనా ఉంటే ఒకసారి వెతకండి. మత్తుమందుకి గానీ మరే మందుకి గానీ అలర్జీ వచ్చిందని అందులో రాసి ఉంటే ఇంజెక్షన్‌కి ముందే డాక్టర్ గారికి చూపించాలి.